పాలు ఎదురింట

తొండియార్‌పేట,
చెన్నపట్నం,
12-7-1954

అమ్మకు పంకజం నమస్కారం చేసి రాసేది. ఈడ నేనూ నీ అల్లుడూ బాగుండాము. కోలారులో నువ్వూ, అన్నా వదినా, పిల్లోళ్ళూ సుఖంగా ఉండారని తలుస్తా ఉండా. నువ్వడిగిన ఎండు నెత్తళ్ళ చేపలు పొట్లం కట్టి పెట్టినా, ఆ పక్కకు వచ్చేవాళ్ళు దొరికితే పంపిస్తా. మోకాళ్ళ నొప్పితో చల్లనీళ్ళలో గుడ్డలుతకడం మాను తల్లీ. చెప్తే వినవు కదా!

పోయిన ఉత్తరంలో నువ్వడిగిన దానికి వస్తా. "మన వీధి జనాభా లెక్క రాసిన చిన్నసామి అయ్యవారు ఇంకా ఉండారంట కదా, నన్ను ఎవరింటి బిడ్డగా రాసినారో కనుక్కో" అన్నావు. అవ్వ నిన్ను ఇంట్లోనే పెంచి కూడా, బతికినన్నాళ్ళూ "ఎదురింటి లూర్దుమేరి బిడ్డ" అనిందే గానీ ఒక్కసారైనా "నా బిడ్డ" అనలేదని నువ్వు కుమిలిపోవడం నేను చూడలేదా? అందుకే నీ అల్లుణ్ణి వెంటబెట్టుకుని పోయినా.

అయ్యవారు పెట్టెలోంచి అప్పటి చిత్తుప్రతి తీసినారు. పంతొమ్మిది వందల పదకొండు నాటిది, ముట్టుకుంటే పొడి రాలతా ఉంది. మన ఇంటి కింద తాత, అవ్వ, అంతే. పిల్లలు లేరు. లూర్దుమేరి ఇంట్లో, ఆ కిరస్తానీల పేర్ల మధ్యన, "కుప్పమ్మ, పసిబిడ్డ, హిందూ. పాలు ఎదురింట" అని ఉంది!

నీ అల్లుడు వకీలు గుమాస్తా కదా, ఊరుకుంటాడా? "పాలంటే భాగం. మీ అమ్మకు ఎదురింట్లో వాటా ఉంది, దావా వేద్దాం" అనేసినాడు. నేనూ నిజమే అనుకున్నా. అయ్యవారు పకపకా నవ్వి, "ఆ పాలు కాదు నాయనా. చనుబాలు!" అన్నారు.

అవ్వకు నీ ముందు పుట్టిన వాళ్ళెవరూ దక్కలేదంట, అయ్యవారే చెప్పినారు. నువ్వు పుట్టగానే చేటలో వేసి చెత్తకుప్ప మీద పెడితే లూర్దుమేరి ఎత్తుకుని తనదనింది. చావు కళ్ళు కప్పేదానికి అందరూ చేసేదే, నీ పేరూ అట్టే వచ్చింది. తర్వాత గుప్పెడు తవుడిచ్చి బిడ్డను తిరిగి కొనుక్కుంటారు కదా, అవ్వకు ఆ ధైర్యం కూడా రాలేదంట. లెక్క రాసేవాళ్ళు వస్తా ఉండారని తెలిసి నిన్ను ఎదురింటి ఉయ్యాలలో వేసేసింది.

"పిల్లలెందరమ్మా?" అని అయ్యవారు గడప ముందర అడిగితే, "ఎవరూ లేరు సామీ" అనింది. అప్పుడే ఎదురింట్లో నువ్వు కేరుమన్నావు. అవ్వ కదల్లేదు, మాట మార్చలేదు. రవిక మాత్రం తడిసిపోయిందంట అమ్మా! అయ్యవారు అప్పటికి కుర్రవాడే. తల దించుకుని ఎదురింటికి పోయి నీ పేరు రాసి, మనసొప్పక పక్కన ఆ రెండు మాటలు చేర్చినారు. సర్కారుకు పోయిన దాంట్లో అవి లేవంట, ఈ చిత్తులోనే ఉండాయి.

సర్కారు మనిషి ముందర కూడా కన్నబిడ్డను లేదనగలిగిందే! నువ్వు పిల్లల తల్లివైనాక, తాను మంచంలో పడినాక కూడా "మేరి బిడ్డ తినిందా?" అనే అడిగింది కదా. అంత ప్రేమను నోట్లోనే దాచుకుని ఎట్టా పోయిందమ్మా ఆ మనిషి?

ఇంకొక మాట, నీకు రాయకుండా దాచినా. నాకిప్పుడు ఐదో నెల. ముందు రెండు కాన్పులూ అట్టా అయినాక నోరు తెరవాలంటే భయం. నిన్న కొళాయి కాడ రాజలక్ష్మక్క "ఏమే, విశేషమా?" అంటే "ఏం లేదక్కా" అనేసినా. అనేసినాక అవ్వ గుర్తొచ్చి బిందె దించేసి కూర్చుండిపోయినా.

నువ్వు రా అమ్మా. చేటా తవుడూ నేను సిద్ధం చేస్తా. ఎత్తుకునేదానికి ఎదురింటివాళ్ళు వద్దు, నువ్వే ఎత్తుకో. నా కడుపులోదాన్ని నాదని ఎప్పటికి అంటానో నాకే తెలీదు. నిన్ను మాత్రం అవ్వ బిడ్డ అనేదానికి ఇంక భయమెందుకు? నలభై దాటినాయి. దక్కినావు.

ఇట్లు,
అవ్వ కన్న బిడ్డ కడుపున పుట్టిన
పంకజం