హెలికాప్టరూ, మా నాన్న కాటా

పొట్నూరు దుర్గాప్రసాద్ అను నేను, కీర్తిశేషులు అప్పలస్వామి గారి కుమారుణ్ణి, వయసు డెబ్భై ఒకటి, వృత్తి డీజిల్ ఇంజిన్ల మెకానిక్, కాపురం అరకులోయ మండలం చింతగుడ, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ బెదిరింపూ లేకుండా, నా తదనంతరం జరగవలసిన ఏర్పాట్లను ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. "పూర్తి తెలివితో" అన్న మాట అడ్వొకేటు సౌజన్య గారు రాయమంటే రాశాను. ఒక్కసారి కూడా ఎగరని హెలికాప్టరును ఇరవై ఒక్క ఏళ్ళుగా బాగుచేస్తున్నవాడి తెలివి మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పుకోవచ్చు. ముందు వరసలో మా ఆవిడ ఉంటుంది.

వచ్చే నెల విశాఖపట్నంలో నా గుండెకు ఆపరేషన్. వాల్వు కారుతోందట. కారే వాల్వును బాగుచెయ్యడం నాకు కొత్త కాదు గానీ, ఇంజిన్ నడుస్తూ ఉండగా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఈ కాగితం.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత పార్వతీపురం అడ్వొకేటు సౌజన్య గారికి అప్పగిస్తున్నాను. నా చిత్తుప్రతి చదువుతూ ఆవిడ రెండుసార్లు నవ్వు ఆపుకున్నారు. మూడోసారి ఆపుకోలేదు. ఇలాంటి నిజాయితీ ఉన్నవాళ్ళ చేతిలో పెడితే పని జరుగుతుందని నా నమ్మకం.

2. స్థిరాస్తి: లేదు. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి ఉండకూడదని చట్టం ఉంది, ఆ చట్టం న్యాయమైనదే. నా షెడ్డు నిలబడి ఉన్న చోటు నా స్నేహితుడు గాసి పట్టా భూమి. నలభై ఏళ్ళుగా నన్ను పొమ్మనలేదు. నా తరఫువాళ్ళెవరైనా ఆ జాగా మీద హక్కు ఉందని వస్తే, వాళ్ళను నా హెలికాప్టరులో కూర్చోబెట్టి స్టార్టు చెయ్యవలసిందిగా కోరుతున్నాను.

3. నా భార్య సత్యవతికి: (అ) ఇంట్లో సామానంతా ఎటూ ఆవిడదే, నేను రాసిచ్చేదేమీ లేదు. (ఆ) 2003లో "ఒక్క పూట" అని చెప్పి పట్టుకుపోయిన రుబ్బురోలు గ్రైండరు మోటారు. బేరింగులు మార్చి, రంగు వేసి, తిరిగి ఇస్తున్నాను. (ఇ) ఎగిరేటప్పుడు పెట్టుకుందామని కొనుక్కున్న పెద్ద కళ్ళద్దాలు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు అవి చాలా బాగా పనిచేస్తాయని ఇద్దరికీ అనుభవమే.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అని ఆవిడ నన్ను చూసి అనని రోజు లేదు. అయినా షెడ్డుకు క్యారియరు పంపని రోజు కూడా లేదు. సత్యవతీ, ఆ అన్నం తిన్నంతసేపూ నేను అదృష్టవంతుణ్ణనే అనుకున్నాను. ఎదురుగా ఉండి చెప్పడం చేతకాలేదు.

4. హెలికాప్టరు గురించి. ఇది ఏ కంపెనీదీ కాదు. కిరండూల్ రైలు మార్గంలో పనిచేసి రిటైరైన ఇంజినీరు కృష్ణమూర్తి గారు, పోస్టులో నమూనా కాగితాలు తెప్పించుకుని, 1981 నుంచి ఐదేళ్ళ పాటు ఇనుప గొట్టాలు అతికి, పాత కారు ఇంజిన్ బిగించి, చెక్కతో రెండు రెక్కలు చెక్కి తయారుచేసినది. సీటు ఒక్కటే. గొట్టాలు పట్టుకునేవాణ్ణి నేను. పర్మిషన్ రాలేదు, ఆయన ఆరోగ్యమూ నిలవలేదు. పోయే ముందు, "నువ్వు దీన్ని పాడుచెయ్యకపోతే అదే చాలు" అని నాకిచ్చారు. పదేళ్ళు టార్పాలిన్ కింద ఉంచి ఆయన మాట నిలబెట్టాను. ఆ తరవాత బాగుచెయ్యడం మొదలుపెట్టాను, అప్పటినుంచి పాడవుతూ వచ్చింది.

సదరు యంత్రాన్ని గాసి కూతురు రాజకుమారికి ఇస్తున్నాను. ఈమె అనంతగిరి రోడ్డులో సర్వీసు జీపు నడుపుతుంది. ఇంజిన్ విప్పి, కడిగి, మళ్ళీ బిగించి, ఒక్క నట్టు కూడా మిగలకుండా పని ముగించగలదు. నాకు ఎప్పుడూ రెండో మూడో మిగిలేవి. అయితే ఆరో అంశంలో చెప్పినది చెయ్యకుండా ఈమె దీన్ని ముట్టుకోరాదు.

5. బొంగు చికెన్ స్వామికి: తోక ఫ్యాను మీద ఉండవలసిన ఇనుప జాలీ. రెండు రోజుల్లో ఇస్తానని ఎనిమిదేళ్ళ క్రితం పట్టుకెళ్ళి దాని మీద కోడిమాంసం కూరిన వెదురు బొంగులు కాలుస్తున్నాడు. టూరిస్టులను తీసుకొచ్చి నా హెలికాప్టరులో కూర్చోబెట్టి ఫోటోలు తీయించి ముందు అద్దం పగలగొట్టించింది కూడా ఇతనే. జాలీ అతనికే ఇచ్చేస్తున్నాను, ఎందుకంటే నా హెలికాప్టరులో సక్రమంగా పనిచేస్తున్న భాగం అదొక్కటే. అద్దం సంగతి మాత్రం నేను మరిచిపోలేదని అతనికి తెలియజేయాలి.

6. ఇక అసలు అంశం. పైవన్నీ ఇది రాయడానికి ధైర్యం చాలక రాసినవి.

కృష్ణమూర్తి గారు చెక్కిన రెక్కల్లో ఒకదాన్ని చెదలు తినేశాయి. గాసి తన కాఫీ తోటలో నీడకు పెంచుకున్న సిల్వర్ ఓక్ చెట్టు ఒకటి కొట్టి నాకిచ్చాడు. దానితో కొత్త రెక్క చెక్కాను. రెండు రెక్కలూ ఒకే బరువు ఉండాలి, లేకపోతే తిరిగేటప్పుడు యంత్రం వణికిపోతుంది. అందుకని మా నాన్న కాటా దూలానికి రెండు రెక్కలనూ చెరో వైపు తాళ్ళతో వేలాడదీసి, ముల్లు నిలువుగా నిలబడేదాకా కొత్తదాన్ని చిత్రిక పట్టాను.

మా నాన్న 1961లో పార్వతీపురం నుంచి రెండు ఉప్పు బస్తాలూ, ఈ కాటా పట్టుకుని కొండెక్కాడు. సంతలో చింతపండు, పసుపు, పిప్పళ్ళు కొనేవాడు. నాకు పదేళ్ళప్పుడు కాటా పట్టడం నేర్పాడు. "సరుకెప్పుడూ ఎడమేపే ఎయ్యాలిరా" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆ పాఠాన్ని యాభై రెండో ఏట కూడా నిష్ఠగా పాటించి, కొత్త రెక్కను ఎడమవైపే వేలాడదీశాను.

2005 జనవరిలో షెడ్డు ముందు హెలికాప్టరును నాలుగు గుంజలకు కట్టి స్టార్టు చేశాను. నేను సీట్లో, గాసి షెడ్డు స్తంభం పక్కన. రెక్కలు వేగం అందుకోగానే యంత్రం దయ్యం పట్టినట్టు ఊగి, తాళ్ళు తెంచుకుని, తోకతో స్తంభాన్ని కొట్టింది. షెడ్డు దూలం వచ్చి గాసి కాలి మీద పడింది. రెక్కలు విరగలేదు. గాసి మోకాలు విరిగింది. ఇంజిన్ ఆపి చూస్తే రెక్కలు తిరిగే కమ్మీ కింద బిగించిన నట్టు ఒకటి నేల మీద ఉంది. ఆ నట్లు బిగించింది గాసి. నొప్పితో మెలికలు తిరుగుతూనే, "నానే సరిగ్గా బిగించలేదు కావాల" అన్నాడు. నేను ఎంతో పెద్దమనసుతో, "పర్లేదులే గాసీ" అన్నాను.

ఎనిమిది రోజుల తరవాత అనుమానం వచ్చి, రెక్కలను కాటా మీద అటుది ఇటూ, ఇటుది అటూ మార్చి వేలాడదీశాను. ముల్లు ఒక పక్కకు ఒరిగిపోయింది. కాటా దూలం మధ్యనున్న చిల్లు బియ్యపు గింజంత పక్కకు జరిగి ఉంది. ఎడమవైపు ఏది వేసినా తక్కువ తూగుతుంది. కొత్త రెక్క పాతదానికంటే బరువు. యంత్రం ఊగింది అందువల్ల. ఊగినందుకు నట్టు ఊడింది. గాసి నట్టు బాగానే బిగించాడు.

ఆ మాట గాసికి చెప్పాలంటే కాటా సంగతి చెప్పాలి. వాళ్ళమ్మ పాతికేళ్ళు చింతపండు తూయించుకున్న కాటా అది. చెప్పలేకపోయాను. పోయినవాడి పరువు కాపాడటానికి బతికున్నవాడి పరువు తీసి, పందొమ్మిదేళ్ళుగా రోజూ వాడి పక్కన కూర్చుని బీడీ కాలుస్తున్నాను.

ఇప్పుడు రాజకుమారి ఈ చైత్రంలో ఇక్కడి గిరిజనులు చేసుకునే ఇటుకల పండక్కి హెలికాప్టరును మూరెడెత్తు లేపుతానని పట్టుబట్టింది. ప్రతి నట్టుకూ పిన్ను గుచ్చి ఎర్ర రంగు పూసింది. "మా అయ్య సేసిన తప్పు నాను సెయ్యను బాబాయ్" అంటుంది. నట్లన్నీ చూస్తుంది, రెక్కల వంక చూడదు. ఆ రెక్కలతో అది లేస్తే ఆమె బతకదు. దొంగచాటుగా సరిచేద్దామని బరువు రెక్కను చిత్రిక పట్టబోతే ఉలి లోతుగా దిగింది, ఇప్పుడది మరీ ప్రమాదం. రెక్కలు కోసేద్దామంటే ఎందుకని అడుగుతుంది. కాబట్టి మూడుసార్లు కార్బురేటరులో పెట్రోలు చిమ్మే జెట్టు దాచేసి ఎలుకలు పట్టుకుపోయాయన్నాను. ఆమె మందు పెట్టింది. ఏ పాపమూ ఎరగని ఎలుకలు పదకొండు చచ్చాయి.

అందుచేత నేను పోయిన వెంటనే, వేరే ఏ పనీ మొదలుపెట్టక ముందు, సౌజన్య గారు దగ్గరుండి ఆ రెండు రెక్కలనూ అడ్డంగా కోయించాలి. అమ్మా రాజకుమారీ, నీకు ఎగరాలని ఉంటే తెలిసినవాళ్ళ చేత కొత్త రెక్కలు చేయించుకో, పర్మిషన్ తెచ్చుకో. సలహా ఇచ్చే అర్హత నాకు లేదు. కృష్ణమూర్తి గారు చలికి పెట్టుకునే తోలు టోపీ పెట్టెలో ఉంది, అది నీకు.

7. సదరు కాటాను గాసికి ఇస్తున్నాను. కరిగించుకున్నా, గెడ్డ నీళ్ళలో పారేసినా, నా సమాధి మీద పాతినా అతని ఇష్టం.

8. పై ఏడు అంశాలూ రాసి సౌజన్య గారికి చూపించాను. ఇద్దరు సాక్షులు ఉండాలన్నారు. సాక్షికి లోపల ఏముందో తెలియనక్కర్లేదట, నేను సంతకం పెట్టడం చూస్తే చాలట. నా ప్రాణానికి అమృతం లాంటి మాట అది. గాసిని పిలిచాను. కింద పేరు రాయించుకుని, పైన ఉన్నది నేను పోయాక తెలుసుకోమందామని నా ఎత్తు. ఇంతటి పిరికివాణ్ణి నేనే గాని మరొకణ్ణి చూడలేదు.

నా ఖర్మకు, గాసి ఇంట ఒక ఆనవాయితీ ఉందని మరిచిపోయాను. సావుకార్ల కాగితాల మీద వేలిముద్రలు వేసి చితికిపోయిన ఇల్లు అది. "సదివి ఇనిపించు సావుకారీ. మా ఇంట కాయితం ఇనకుండా ఏలెయ్యరు" అన్నాడు. చదవక తప్పలేదు.

కాటా సంగతి వినగానే పకపకా నవ్వాడు. "అది మాకెరిక లేదేటి? మా యమ్మ తూకం పెరగాలని సింతపండు అడుగున తడి అడ్డాకులెట్టేది. మీ అయ్య మమ్మల్ని, మేము మీ అయ్యని" అన్నాడు. పందొమ్మిదేళ్ళు నేను గుండెల్లో దాచుకున్న మహా రహస్యం వాళ్ళింట్లో పిల్లలకు కూడా తెలుసు. నట్టు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "అయితే నాను బిగించినానా?" అని అడిగాడు. బిగించావన్నాను. "బాగా బిగించినానా?" అని మళ్ళీ అడిగాడు. బాగా బిగించావన్నాను.

అప్పుడు చెప్పాడు. "నన్ను సంతలో ఏటంటారో ఎరికా నీకు? వదులు గాసి అంటారు. ఆ దినం కాణ్ణుంచి నా సేత ఒక్క ఇంటికీ వాసాలు కట్టించలేదు. నాను కట్టిన కప్పు కింద పిల్లల్ని పడుకోబెట్టరంట." చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఇల్లు లేచినా పైకప్పు వాసాలు కట్టేది గాసే. కాలు బాగోక మానేశాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నేను విరిచింది కాలొక్కటే అని లెక్కవేసుకున్నాను. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు.

అతను ఏడవలేదు. "నువ్వు సచ్చినాక సదివితే నాకేటి? సుక్రవారం సంతలో సదువు" అని లేచి వెళ్ళిపోయాడు. అతని వెంట వచ్చి అంతా విన్న రాజకుమారి రంపం తీసుకుని రెండు రెక్కలనూ కోసేసింది. సౌజన్య గారికి ఆ పని తప్పింది.

9. 2024 మార్చి 15, శుక్రవారం, అరకు సంతలో, దుప్పట్లు అమ్మే రవికుమార్ మైకు అడిగి పుచ్చుకుని, ఆరో అంశం మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఎలుకల దగ్గర నవ్వారు. ఎడమవైపు సరుకు వెయ్యడం దగ్గర ఇంకా గట్టిగా నవ్వారు. నట్టు దగ్గర ఎవరూ నవ్వలేదు. అయిపోయిందనుకుని మైకు దించబోతే, గాసి పసుపు రాశుల పక్కన చేతులు కట్టుకు నిలబడి, "అటేపోళ్ళకి ఇనబళ్ళేదు. ఇంకోపాలి" అన్నాడు. మళ్ళీ చదివాను. ఉప్పుచేపల వరసకు నడిపించుకెళ్ళి అక్కడ మూడోసారి చదివించాడు. తరవాత పొగాకు కొనుక్కుని వెళ్ళిపోయాడు.

ఇప్పటికి వారమైంది, గాసి నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని శాసించే అంశం ఏ వీలునామాలోనూ రాయడం కుదరదని సౌజన్య గారన్నారు. నిన్నటినుంచి మా ఊళ్ళో సోములమ్మ ఇంటి మీద నిచ్చెన వేసుకుని వాసాలు కడుతున్నాడట. కింద నిలబడి వెదుళ్ళు అందించే మనిషి దొరకలేదట. నన్ను పిలవలేదు. రేపు పొద్దున నేనే వెళ్ళి నిలబడతాను, పొమ్మంటే పోతాను.

ఇది నా మొదటి వీలునామా, ఇదే ఆఖరుది. దీన్ని సంతలోనే మూడుసార్లు పైకి చదివాను గనుక ఇందులోని ప్రతి మాటా నాకు తెలిసే రాశానని ఒప్పుకుంటున్నాను.

అరకులోయ, 22 మార్చి 2024, శుక్రవారం.

(సంతకం) పొట్నూరు దుర్గాప్రసాద్

సాక్షులు:

1. రవికుమార్, సంతలో దుప్పట్ల వ్యాపారం (సంతకం)

2. సోములమ్మ, చింతగుడ (చదివి వినిపించిన పిమ్మట ఎడమచేతి బొటనవేలి ముద్ర)

3. గాసి, చింతగుడ. చట్టానికి ఇద్దరు చాలు. ఈ చోటు ఖాళీగా ఉంచాను.