నెట్ దగ్గర నా చోటు

ఆగస్టు 10, ఆదివారం
వంటింటి బల్ల దగ్గర నుంచి

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. అంటే మోకాళ్లు, మడమలు, భుజాలు విడివిడిగా అడగనంతవరకు క్షేమం. నువ్వక్కడ వేళకి తిని, వేళకి పడుకుని, కోచ్ గారి మాట వింటూ ఉన్నావని నమ్ముతున్నాను. మూడోది నమ్మడం కొంచెం కష్టమే అనుకో, అయినా తల్లిని కదా.

మీ క్యాంపులో గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారని తెలిసిన రోజు ఇంట్లో పెద్ద గోల. మీ నాన్న అయితే పిల్లని జైల్లో పెట్టినట్టు మాట్లాడారు. ఉత్తరాలు రాసుకోవచ్చు కదా అని నేనంటే, ఎవరు రాస్తారు అన్నారు. ఆయన సంగతి నీకు తెలుసుగా. నాలుగు షటిల్ కోర్టుల అవతలున్న పిల్లాడికి మణికట్టు ఎలా తిప్పాలో కేకేసి చెప్పగలరు గానీ, కాగితం మీద నాలుగు ముక్కలు రాయమంటే పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేస్తారు. కాబట్టి ఇంటి తరఫున రాసే పని నా నెత్తిన పడింది.

ముందు కబుర్లు. తమ్ముడు ఈతలో కొత్త కోచ్‌తో గొడవపడి, మూతి ముడుచుకుని రెండు రోజులు నీళ్లలోకి దిగలేదు. ఎండ మండేసరికి తనే దిగాడు. మీ బాబాయి కొత్త సైకిల్ కొన్నాడు. దానికి ఎన్ని గేర్లున్నాయో ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతున్నాడు, కరెంటు మీటరు చూడటానికి వచ్చినతనితో సహా. అన్నయ్యని షటిల్‌లో ఎటూ గెలవలేను, సైకిల్ మీదైనా గెలుస్తాను అంటున్నాడు. పిన్ని మాత్రం ఆ సైకిల్‌ని పడగ్గదిలోకి రానివ్వనని తెగేసి చెప్పింది. మా కళ్లద్దాల షాపులో ఎప్పటిలాగే రద్దీ. జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా అని అడిగి అడిగి సాయంత్రానికి నా గొంతు పోతోంది. నిన్న ఒక పెద్దాయన, నాకు రెండూ ఒకేలా ఉన్నాయమ్మా, నీకేది నచ్చితే అది ఇచ్చెయ్ అన్నాడు.

పోయిన ఆదివారం అందరం గుట్ట ఎక్కడానికి వెళ్లాం, నువ్వు లేకుండా మొదటిసారి. తెల్లారకముందే లేచి గుడ్లు ఉడకబెట్టి, రొట్టెలు కట్టి, పళ్లూ నీళ్ల సీసాలూ సర్దింది నేను. దారి పొడుగునా వినపడింది మాత్రం నీ పేరు. మొదటి మలుపు దగ్గర మీ నాన్న, పిచ్చుక ఉంటే ఈపాటికి పైనుంచి చెయ్యి ఊపేది అన్నారు. పెద్ద బండరాయి దగ్గర అందరం కూలబడితే, పిచ్చుక అయితే ఇక్కడ ఆగేది కాదు అన్నారు. పైకెక్కాక డబ్బా తెరిచి గుడ్డు చేతిలో పెడితే, పిచ్చుకకి అక్కడ గుడ్లు పెడుతున్నారో లేదో అన్నారు. నేను ఆ రోజు అందరికన్నా ముందు ఎక్కాను, మీ బాబాయి కన్నా కూడా. ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగితే, మీ నాన్న నువ్వొచ్చాక చూపించడానికి లోయ ఫొటో తీస్తున్నారు.

ఇది చదివి నువ్వు నవ్వుతావు, అమ్మ కుళ్లుకుంటోంది అనుకుంటావు. అవును, కుళ్లుకుంటున్నాను. కన్నకూతుర్ని చూసి కుళ్లుకునే తల్లి ఉంటుందా అని కొన్నాళ్లు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత తిట్టుకోవడం మానేశాను గానీ కుళ్లు పోలేదు. నువ్వు నా పొడుగు దాటిపోయినప్పుడు నాకేమీ అనిపించలేదు. నా చెవి దుద్దులు నీకే బాగున్నాయని పిన్ని అంటే, నిజమేనని తీసి ఇచ్చేశాను. నాకు ఒళ్లు మండేది ఒక్క చోటు దగ్గరే. అది మిక్స్‌డ్ డబుల్స్‌లో మీ నాన్నకి ముందు, నెట్ దగ్గరుండే చోటు.

ఈ కథ నీకు సగమే తెలుసు. నేను క్లబ్‌లో కొత్తగా చేరిన రోజుల్లో నాకు జత ఎవరూ లేరు. మీ నాన్నతో ఆడే అమ్మాయి ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లిపోయింది. అప్పటి కోచ్ గారు మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, మిగిలిపోయింది మీరిద్దరే, కలిసి ఆడండి అన్నారు. మొదటి మ్యాచ్ చిత్తుగా ఓడాం. బయటికొచ్చాక ఆయన నా సర్వీసు బాగాలేదన్నారు, నేను ఆయన నోరు బాగాలేదన్నాను. పెళ్లి మాట ఆ తర్వాత చాలా రోజులకి గానీ రాలేదు. అంటే ఆయన నాకు భర్త కాకముందు, నీకు తండ్రి కాకముందు, నా పార్ట్‌నర్. మిగతావన్నీ నీతోనూ తమ్ముడితోనూ పంచుకున్నాను. నిద్ర పంచుకున్నాను, ముద్ద పంచుకున్నాను, ఆదివారాలన్నీ మీకే ఇచ్చాను. అదొక్కటీ కూడా పంచుకోవాల్సి వస్తుందని ఎవరూ చెప్పలేదు.

నా చీలమండ బెణికిన శనివారం గుర్తుందా. లీగ్ మ్యాచ్‌లో నా బదులు నువ్వు దిగావు. దిగమన్నది నేనే. కాలికి ఐస్ కట్టుకుని బెంచీ మీద కూర్చుని చూశాను. నువ్వు నమ్మవుగానీ, మ్యాచ్‌లో మీ నాన్న ఆట నేను బయటి నుంచి సరిగ్గా చూడటం అదే మొదలు. ఎప్పుడూ నా వీపు వెనకే ఉండే మనిషిని ఎలా చూస్తాను. స్మాష్‌కి ఎగిరినప్పుడు ఆయన ఇంత అందంగా ఉంటారని నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఆ చప్పుడు మాత్రమే విన్నాను.

ఇద్దరి మధ్యకీ వచ్చే షటిల్ కాక్ ఉంటుంది చూడు, ఎవరు కొట్టాలో తేలనిది. నాతో ఆడినన్నాళ్లూ అలాంటిది రాగానే మీ నాన్న వెనక నుంచి నాది అని కేకేసేవారు. నా చెయ్యి అప్పటికే లేచి ఉన్నా దించేసుకుని పక్కకి తప్పుకునేదాన్ని. అది ఆటలో పద్ధతి కాబోలు అనుకున్నాను. నీతో ఆడుతుంటే ఆయన ఒక్కసారి కూడా నాది అనలేదు. మధ్యకి వచ్చిందల్లా నీకే వదిలేశారు. నువ్వు నెట్‌కి కొట్టినా, పర్లేదు పిచ్చుకా, మంచి ప్రయత్నం అన్నారు. నేను నెట్‌కి కొడితే నడుం మీద చేతులు పెట్టుకుని పైకప్పు వైపు చూసే మనిషి. ఐస్ కరిగి మేజోడంతా తడిసిపోయింది, నాకు తెలియనే లేదు. కళ్లల్లో నిప్పులు పోసుకుని కూర్చున్నాను.

మీరు గెలిచారు. ఇంటికొస్తూ మీ నాన్న కారులో నాతో చెప్పింది ఒకటే. ఇక నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో, నీళ్ల సంచీ టవళ్లూ నువ్వు చూసుకుంటే మాకు బోలెడు సాయం అని. మాకు అంటే ఎవరో నాకు అర్థం కావడానికి తర్వాతి సిగ్నల్ దాకా పట్టింది. నువ్వు వెనక సీట్లో చెవుల్లో పాటలు పెట్టుకుని నిద్రపోతున్నావు. నీ తప్పేమీ లేదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది, తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు.

చీలమండ నయమై చాలా రోజులైంది. డాక్టర్ గారు ఆడుకోవచ్చన్నారు. ఎవరూ రమ్మని పిలవలేదు, నేనూ అడగలేదు. నా రాకెట్‌కి తీగ తెగితే ఒకప్పుడు మీ నాన్న అన్నం తినకుండా కూర్చుని బిగించేవారు. ఈసారి అది అలమర పక్కన గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయింది. పక్కనే నీ రాకెట్లు మూడు, కొత్త పట్టీలు చుట్టుకుని. సాయంత్రమయ్యేసరికి నువ్వూ ఆయనా కిట్లు భుజాన వేసుకుని బయల్దేరేవారు. నేను తలుపు దగ్గర నిలబడి జాగ్రత్త అనేదాన్ని. జాగ్రత్త అన్న మాటని అంత కసిగా అనొచ్చని నాకప్పుడే తెలిసింది.

నీ మీద కోపం అనుకునేవు. నీ ఆట చూస్తే నా గుండె ఇంత అవుతుంది. కాక్‌ని నెట్ మీద నుంచి అలా జార్చేస్తావే, ఎదుటివాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి నేల మీద ఉంటుంది, అది నీకు ఆరేళ్లప్పుడు మేడ మీద బట్టలారేసే తీగ మీదుగా నేను నేర్పింది. మీ నాన్నకి అది రాదు, ఆయనదంతా బలం. అయినా క్లబ్‌లో అందరూ తండ్రి పోలిక అంటారు. క్యాంపుకి ఎంపికైన రోజు స్టేజీ మీద నువ్వు కూడా, ఇదంతా నాన్న నేర్పిందే అన్నావు. మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. అరచేతులు మండేలా కొట్టాను.

ఇక అసలు సంగతి. ఈ నెల ఆఖరి శనివారం క్లబ్ వార్షిక పోటీలు. నువ్వు క్యాంపులో ఉన్నావు కాబట్టి మీ నాన్నకి జతగా నేనే ఆడతాను. అది న్యాయం కూడా. నా రాకెట్ నేనే షాపుకి తీసుకెళ్లి తీగలు వేయించుకున్నాను. ఈ వారం నుంచి ప్రాక్టీసు కూడా మొదలైంది. మా కళ్లద్దాల షాపులో గిరాకీ లేనప్పుడు కళ్లజోడు డబ్బా పట్టుకుని సర్వీసు సాధన చేస్తుంటే, యజమాని గారు వెనక నుంచి చూసి, ఈగలు ఎక్కువయ్యాయా మేడమ్ అని అడిగారు.

మీ నాన్న ఆడుతున్నారు, పాపం, ఏమీ అనడం లేదు. ఇష్టం లేని చొక్కా తొడిగించిన పిల్లాడిలా ఉంటారు. నిన్న నెట్ దగ్గర నేనొకటి వదిలేస్తే వెనక నుంచి పిచ్... అని ఆగిపోయారు. సగం దాకా నీ పేరే పిలిచారు. నేను వినపడనట్టు కాక్ తీసి అవతలికి ఇచ్చి, నా వంతు రాగానే సర్వీసుకి వెళ్లాను. ఆ సర్వీసు బాగా పడిందిలే.

నువ్వు మాత్రం ఇక్కడి పోటీల గురించి మనసులో ఏమీ పెట్టుకోకు. అక్కడి అవకాశం అందరికీ రాదు. మధ్యలో వదిలి రావడం, ప్రయాణం, అలసట, ఇవన్నీ ఎందుకు. మన క్లబ్ కప్పు ఏముంది, సొట్టలు పడ్డ కప్పు. బుద్ధిగా ఆడుకో. తడి మేజోళ్లతో తిరగకు. నీ గదిలో పిల్లల్ని అడిగానని చెప్పు. తమ్ముడు నీ మంచం మీద పడుకుంటున్నాడు. చెప్పొద్దన్నాడు, చెప్పేశాను.

ఇట్లు
నీ మేలు కోరే
అమ్మ

తా.క. ఉత్తరం కవర్లో పెట్టాక మళ్లీ బయటికి తీశాను. ఈ ఉత్తరం రాయమన్నది మీ నాన్న. ఆయన రాయమన్నది ఒక్కటే ముక్క, నేను రాయనిది కూడా ఆ ఒక్కటే. నిన్ను పోటీలకి రమ్మనమన్నారు. నువ్వొచ్చేదాకా ప్రాక్టీసుకి మాత్రమే నేను. ఇంటి నుంచి ఉత్తరం వస్తే మీ కోచ్ గారు రెండు రోజులు సెలవిస్తారట, ఆయన కనుక్కున్నారు. వారం నుంచి, రాశావా, రాశావా అని నా ప్రాణం తీస్తున్నారు. ఇందాక వంటింట్లోకి వచ్చి మళ్లీ అడిగితే, రాశానన్నాను. అలాగే పోస్టులో వేసేద్దామనే అనుకున్నాను. నీకు తెలియదు కాబట్టి నువ్వు రావు, నువ్వు రావు కాబట్టి నేను ఆడతాను, ఎవరికీ ఏమీ తెలియదు. తీరా కవరు అంటించబోతే చెయ్యి ఆడలేదు. అలా దొరికిన చోట నిలబడి ఆడటానికి నాకు మొహం చెల్లలేదు.

అందుకని ఇప్పుడు వేరే కాగితం మీద రాస్తున్నాను. ఆఖరి శనివారం పొద్దున్న పోటీలు. మీ నాన్న నీతోనే ఆడాలనుకుంటున్నారు. శుక్రవారం బయల్దేరి రా. ఈ ఆఖరి కాగితం ఒక్కటే మీ కోచ్ గారికి చూపించు, అది కూడా ఇక్కడి నుంచి కిందదంతా మడిచేసి చూపించు.

నువ్వొస్తే నేను బెంచీ మీద కూర్చుంటానని మాత్రం అనుకోకు. మీ బాబాయిని అడిగాను, నాతో ఆడతానన్నాడు. మీ నాన్నకి ఇంకా తెలియదు, నువ్వు కూడా చెప్పకు. ఆ చోటు నీకు ఇచ్చేయడానికి ఎంత ప్రయత్నించినా నాకు మనసొప్పలేదు పిచ్చుకా. వచ్చి, నన్ను ఓడించి తీసుకో.