బాబాయి గారి రెండు సీడీ ప్లేయర్లు

డాలీగంజ్, పోర్ట్ బ్లెయిర్

అక్కకు,

ఈ ఉదయం అలమర తెరిస్తే నా నిఘంటువు అట్ట మీద పిండి చల్లినట్టు బూజు పట్టి ఉంది. తుడిచి, ఆ చేత్తోనే నీకు రాస్తున్నాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాన్నగారి దగ్గు తగ్గిందా? నీ చంటిదానికి పళ్లు వచ్చాయా? నా గురించి బెంగ వద్దు. బాగానే తింటున్నాను, బాగానే ఉన్నాను.

ఇక్కడ వాన ఆగదు. స్కూల్లో లైబ్రరీ పని నాకు సరిపోయింది, పెద్దగా మాట్లాడనక్కర్లేదు. తెలుగు పిల్లలు కూడా దీదీ అని పిలిచి హిందీలోనే మాట్లాడతారు. తెలుగు పుస్తకం ఇస్తే బొమ్మలు చూసి తిరిగిచ్చేస్తారు. సాయంత్రాలు ఒంటరిగా ఉంటుంది. అలవాటవుతుందిలే.

ఇంటివాళ్ల సంగతి రాయమన్నావు. ఇంటాయనను బాబాయి గారు అంటాను, ఆయన భార్యను పిన్ని అంటాను. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. బాబాయి గారి తల్లి, మామ్మగారు, ఆయాసం మనిషి. ఈ ఉక్కలో ఆవిడకు ఊపిరాడదు. ఇంట్లో ఏసీ గది ఒక్కటే. అందులో ఉండేది రెండు సీడీ ప్లేయర్లు.

నవ్వకు. ఒకటి జపానుది, ఒకటి ఇంగ్లండుది. ఖరీదైనవి, తేమ తగలకూడదట. ఏది మేలో తేలాక ఒకటి అమ్మేసి, రెండోదాన్ని హాల్లో అద్దాల బీరువాలో పెట్టి, గది తల్లికి ఇస్తానని బాబాయి గారు మాట ఇచ్చారు. ప్రతి ఆదివారం తేల్చడానికి కూర్చుంటారు. తేలదు.

"ఆ పెట్టెలకి ఆయాసమొచ్చేస్తాదని ఏసీ ఎట్టినాడమ్మా నా కొడుకు. నానూ ఓ పెట్టెనై పుట్టుంటే బాగుణ్ణు," అంటారు మామ్మగారు.

తేల్చేవాళ్లు ముగ్గురు. బాబాయి గారు, ఓడ ఇంజనీరుగా రిటైరైన రాజు గారు, పక్కింటి అప్పారావు గారు. రెండింట్లోనూ ఒకే వీణ కచేరీ డిస్కు పెట్టి ఒకేసారి మొదలుపెడతారు. కళ్లు మూసుకుంటారు. కళ్లు తెరిస్తే చెవి మొద్దుబారుతుందని బాబాయి గారి సిద్ధాంతం. మధ్యలో రిమోట్ నొక్కి ఆంప్లిఫయర్‌ను ఒకదాని మీంచి రెండోదాని మీదకు మారుస్తారు. ఇక వాగుడు మొదలు. బతుకులో ఒక్క తీగ మీటనివాళ్లు తీగల మధ్య గాలి గురించి మాట్లాడతారు. పిన్ని వంటింట్లోంచి ఎన్నిసార్లు పిలిచినా వినపడని చెవులవి.

మొన్న ఆదివారం టీ ఇవ్వడానికి లోపలికి వెళ్లాను. బాబాయి గారు రిమోట్ నొక్కి, "ఇప్పుడు ఇంగ్లండుది," అన్నారు. ఆంప్లిఫయర్ మీద జపానుదాని దీపమే వెలుగుతోంది.

"అరె వాహ్! సునో భయ్యా," అన్నారు రాజు గారు, కళ్లు మూసుకునే. "తీగ తీగా ఏరేసినట్టు నేదూ?"

"ఇందాకటిది ఎండు మెత్తళ్లు. ఇది పచ్చి వంజరం చేప," అన్నారు అప్పారావు గారు.

"ఏటనుకున్నారు మరి! ఏక్‌దమ్ ఫరక్!" అని బాబాయి గారు పొంగిపోయారు. "అయినా ఇంకో వారం ఇందాం. జల్దీ ఏటుంది?"

పక్క గదిలోంచి మామ్మగారి ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. ఇంత సన్నని చెవులున్నవాళ్లలో ఒక్కరికీ అది వినపడలేదు.

పెద్దవాళ్ల ముందు నా నోరు పెగలదని నీకు తెలుసు. అయినా ట్రే కింద పెట్టి అన్నాను: "బాబాయి గారూ, మారలేదండి. రెండుసార్లూ మీరు విన్నది జపానుదే."

"నీకేటి తెలుసు బేటీ?"

రిమోట్ తీసుకుని వెనక మూత తెరిచి చూపించాను. యంత్రాలకు ఏసీ పెట్టిన మనిషి రిమోట్‌ను మాత్రం వరండా కిటికీ గట్టు మీద ఉంచుతారు. ఉప్పుగాలికి లోపలి బ్యాటరీ సెల్లు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. ఒక్క వారంలో పట్టే చిలుము కాదది.

రాజు గారు టీ తాగకుండానే చెప్పులు వెతుక్కున్నారు. పిన్ని మామ్మగారి దిండు తెచ్చి ఆ గదిలో సోఫా మీద వేసింది.

"తేలిపోనాది కదా," అంది. "అత్తా, లెగు."

మామ్మగారు ఇప్పుడు ఆ పెట్టెల పక్కనే పడుకుంటున్నారు. ఈల తగ్గింది.

ఎవరైనా ఓడలో వస్తుంటే కాసిని సున్నుండలు పంపు. అమ్మకు, నాన్నగారికి నా దండాలు. పెద్దమ్మను నన్ను తలుచుకుని ఒక్క అక్షింత వేయమను. చంటిదానికి ముద్దులు.

నీ చెల్లెలు,
శారద

జవాబు స్కూలు చిరునామాకు రాయి. బాబాయి గారు నన్ను గది ఖాళీ చేయమన్నారు.