బిల్లు లేని విత్తనం

ఎల్బీ నగర్,
గురువారం మధ్యాహ్నం.

సీతారాములు గారికి, మీ భార్య తిరుపతమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ మౌనికా బాగానే ఉన్నాం. జైల్లో మీ ఒళ్లు కూడా బాగుండాలని రోజూ దండం పెట్టుకుంటున్నాను. ములాఖత్‌లో మీ ముఖం చూస్తే నా నోరు పెగలదు. అందుకే ఈ ఉత్తరం.

మీరు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మౌనిక బడికి పోతోంది. నాన్న ఎక్కడని అడిగిన పిల్లలకు లారీ మీద పోయాడని చెబుతోందట. నేను నేర్పలేదు. మీ ఆటోకు కవరు కప్పించాను. దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపులో నా పని అలాగే ఉంది. మీ మోకాలికి తెచ్చిన తైలం మాత్రం గేటు దగ్గర తీసుకోలేదు.

ఇక మా అన్న సంగతి. భిక్షపతి అన్న చేత సంతకం పెట్టించమని రాశారు. నిషేధం ఉన్న ఆ పత్తి విత్తనం మీ దగ్గర కొనలేదని అతను రాసిస్తే, మీరు అమ్మారన్న కేసు తేలిపోతుందని, మీరు బయటికి వస్తారని వకీలు కూడా చెప్పాడు. అన్న ఇప్పుడు మన ఇంట్లోనే ఉంటున్నాడు. కౌలు చేను పోయాక ఊళ్లో ఏముందని ఉంటాడు? తుర్కయంజాల్‌లో కొత్తగా కట్టే ఇళ్ల దగ్గర ఇటుకలు మోస్తున్నాడు.

చేను ఎలా పోయిందో మీరు అతన్ని ఒక్కసారి కూడా అడగలేదు. గడ్డి మందు కొట్టినా ఈ పత్తి చావదని మీరు చెప్పిన మాట నమ్మి, కలుపుకు కూలీలను పిలవకుండా చేనంతా మందు కొట్టాడు. కొన్నాళ్లకు గడ్డితో పాటు పత్తీ మాడిపోయింది. సాళ్లలో అక్కడొకటి, ఇక్కడొకటి మాత్రం పచ్చగా నిలబడ్డాయట.

"నిలబడ్డయే అసలు గింజలు చెల్లే. మిగిలినయన్ని మామూలు గింజలు. ఎవడో కలిపిండు" అన్నాడు.

ఎవడో అన్నాడే కానీ మీ పేరెత్తలేదు. దుకాణంలో కొన్నదైతే బిల్లు చూపించి నిలదీసేవాడు. అనుమతి లేని విత్తనానికి బిల్లెక్కడిది? ఫిర్యాదు చేస్తే, నిషేధం ఉన్నది ఎందుకు వేశావని తననే పట్టుకుంటారని భయపడ్డాడు.

పోయిన ఆదివారం, ఆ విత్తనం లాంటి జన్యుమార్పిడి పంటలు వద్దనే సంఘం నుంచి పట్టాభి గారని ఒకాయన వచ్చారు. "మీటింగులో రెండు ముక్కలు చెప్పండి చాలు. ఆ విత్తనమే మీ చేను తగలబెట్టిందని జనానికి తెలియాలి కదండీ" అన్నారు.

"గా విత్తనం కాల్చలే సార్. గా గింజ లేకనే కాలింది" అన్నాడు అన్న.

ఆయనకు అర్థమైంది, నచ్చలేదు. మంచివాడే పాపం, మా అన్న చేతులు పట్టుకుని బాధపడ్డాడు. కానీ వాళ్లు వద్దన్నారు, సర్కారు ఆపింది, ఆపిన సరుకు మీ ఆటో ఎక్కింది. నష్టం మా అన్నకొచ్చింది. ఎవరికి కావలసిన మాట వాళ్లు అతని నోట పలికించాలని చూస్తున్నారు. మీరు కూడా.

ఇప్పుడు అసలు మాట. నిన్న వకీలు కాగితం తెచ్చాడు. "పెడత చెల్లే. నీ కోసం పెడత. జర పెన్ను ఇయ్యి" అన్నాడు అన్న. నేనే వద్దన్నాను. కాగితం వకీలుకు తిరిగి ఇచ్చేశాను.

ఎందుకంటే, సజ్జ మీది సామాను తడవకుండా చూడు, వానాకాలానికి పనికొస్తుంది అని మీ ఉత్తరం చివర రాశారు. అది చదివి దించి చూశాను. ఒక మూటలో ఆ విత్తనం, ఇంకో మూటలో మామూలు గింజలు, రెండూ ఒకేలా కనబడేందుకు గింజలకు పూసే ఎర్ర రంగు డబ్బా. కలిపింది ఎవడో కాదు, మీరే. నా అన్నకు ఇచ్చేటప్పుడైనా మీకు చేతులెలా వచ్చాయి? ఆ రోజు అతను మనింట్లోనే అన్నం తిని పోయాడు కదా.

ఈ పొద్దున మూటలు రెండూ, ఆ డబ్బా పోలీస్ స్టేషన్‌లో అప్పగించాను. మీవేనని చెప్పి సంతకం పెట్టాను. అన్న బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఇక బెయిలు మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు వకీలు.

మీకు నా మీద కోపం వస్తుంది, రానివ్వండి. శనివారం ములాఖత్‌కు వస్తాను. నన్ను చూడనని మీరు చెప్పి పంపినా, టైము అయిపోయేదాకా గేటు బయటే కూర్చుంటాను.

ఇట్లు,
మీ భార్య,
భిక్షపతి చెల్లెలు,
తిరుపతమ్మ.