నాన్న చదివిన బస్సు బోర్డులు

మంగళవారం, రాత్రి

మా చిన్నమ్మాయికి ఇవాళ కొత్త కళ్ళజోడు వచ్చింది. అద్దం మధ్యలో దాని మామూలు పవరే, చుట్టూ కంటికి ఆనని బుల్లి బుల్లి లెన్సులట. సైటు పెరగడం నెమ్మదిస్తుంది గానీ ఆగదన్నారు డాక్టరుగారు. అదే దిగులు.

పూర్తి పవరు పెడితే సైటు ఇంకా పెరుగుతుందనే భయంతోనే నా చిన్నప్పుడు నాన్న, "పవరు కాస్త తగ్గించి ఇవ్వండీ" అని షాపాయన్ని బతిమాలేవారు. అయినా పెరిగింది. ఆ అద్దాలతో బస్సు బోర్డులు కనబడక నిలబడితే, "కొండపల్లి బస్సేనమ్మా, ఎక్కు" అని ఆయనే చదివిపెట్టేవారు. తర్వాత సరైన పవరు వచ్చినా, ఆయన చెప్పేదాకా ఎక్కేదాన్ని కాదు.

సాయంత్రం బస్టాండులో "పక్కలకి మసగ్గా ఉందా?" అని అడిగితే, "లేదమ్మా, బాగుంది" అంది. బస్సు వచ్చింది. బోర్డు నాకు కనబడుతూనే ఉంది. అయినా కదల్లేదు.

"కొండపల్లి బస్సేనమ్మా, ఎక్కు" అంది చిన్నది.