అంజమ్మ కుట్టిన మాస్కు

ఏప్రిల్ 15, 2021, గురువారం

ఇరవై ఏడో వారం. కొండాపూర్ క్లినిక్‌లో రెండున్నర గంటలు కూర్చున్నాను. ఏసీ ఆపేసి కిటికీలు తీసిపెట్టారు. బయట మంట. ఎన్95 లోపల నా ఊపిరి నాకే తిరిగొస్తోంది, అదీ వేడిగా. కళ్ళద్దాలు మసక. చెమటకి మాస్కు తడిసి మూతికి అంటుకుపోయింది. లోపల బుడ్డోడో బుడ్డదో ఒకటే తన్నులు. ముక్కు కిందికి లాగానో లేదో, మేడమ్ మాస్క్ అని నర్సు అందరి ముందూ అరిచింది. చదువుకున్నవాళ్ళే ఇలా చేస్తే ఎలాగంది. సిగ్గేసింది. అక్కడ అందరూ కడుపుతో ఉన్నవాళ్ళే, అందరూ వేసుకునే ఉన్నారు. నేనొక్కదాన్నే మహారాణిని.

డాక్టర్ మాత్రం కోప్పడలేదు. మెత్తటి కాటన్‌ది, మూడు పొరలది కుట్టించుకో, తడిస్తే మార్చెయ్, బ్యాగ్‌లో రెండు ఎక్స్‌ట్రా పెట్టుకో అంది. మరీ ఊపిరాడకపోతే ఎవరూ లేని చోటికి, గాలిలోకి వెళ్ళి తీసి పీల్చుకోమంది. మనిషి ఎదురుగా ఉంటే మాత్రం తియ్యకూడదట.

ఏప్రిల్ 17, శనివారం

ఆన్‌లైన్‌లో తెప్పించిన నాలుగూ వేస్ట్. ఒకటి చెవులు కోస్తోంది. ఒకటి ప్లాస్టిక్ కంపు, వేసుకోగానే వాంతి. సి బ్లాక్ హరిత, అదే మా అపార్ట్‌మెంట్ గ్రూప్ అడ్మిన్, వెనక సందులో అంజమ్మ అని టైలరమ్మ ఉంది, బ్రహ్మాండంగా కుడుతుందని నంబరిచ్చింది. ఫోన్ చేశాను. మంగళారం రా బిడ్డా, మొకం కొలత తీస్కోవాలె అంది. మొహానికి కొలతలేంటో!

ఏప్రిల్ 20, మంగళవారం

పొద్దున్నుంచి ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. ఎండ. ఏడో నెలలో అందరికీ ఇంతేనట. ఇంకేం లేదు.

అంజమ్మ షాపు ఒక రేకుల గది. ఒక మెషీను, ఒక టేబుల్ ఫ్యాను. ఫ్యాను నావైపు తిప్పి స్టూలు వేసింది. ముక్కు మీది నుంచి గడ్డం దాకా టేపు పెట్టి కొలిచింది. నేను ఆయాసపడడం చూసి, తియ్యి బిడ్డా, జర ఊపిరి పీల్చుకో, ఈడ మనిద్దరమే గదా అంది. తీసేశాను. పిన్నులు పంటికింద పెట్టుకోవడానికి తనదీ కిందికి లాగింది.

గంటసేపు అక్కడే కూర్చున్నాను. మల్ అనే పల్చటి నూలు గుడ్డని ముందే నాలుగుసార్లు ఉడకబెట్టి ఉతికిందట, మెత్తబడాలని. చెవులకి ఎలాస్టిక్ వద్దని తల వెనక కట్టుకునే నాడాలు పెట్టింది. మూతికి అంటకుండా మధ్యలో మడత వేసింది. మూడు కుట్టి ఇచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకు ఊపిరాడకుంటే నాకు మనసున పడ్తదా అంది.

ఏప్రిల్ 21

వేసుకున్నట్టే లేదు. ఈ ఎండాకాలంలో మొదటిసారి మాస్కు లోపల నవ్వాను.

ఏప్రిల్ 23, శుక్రవారం

పాజిటివ్.

నిన్న జ్వరం నూటొకటి దాటింది. డాక్టర్ ఫోన్‌లోనే మందులు చెప్పి, ఎడమపక్కకి తిరిగి పడుకో, ఆక్సీమీటర్ దగ్గర పెట్టుకో అంది. మా ఆయన వెంకట్‌కి నెగటివ్, హాల్లోకి మారాడు. ఈ వారం ఎక్కడికైనా వెళ్ళావా అని తలుపు అవతలి నుంచి మెల్లగా అడిగాడు. టైలరమ్మ దగ్గరికి అన్నాను. అది నిజమే. ఓహో, అక్కడా అన్నాడు. ఆ ఓహోని నేను ఆపలేదు.

ఏప్రిల్ 24, ఉదయం 11

వెంకట్ చెప్పినట్టున్నాడు. హరిత గ్రూపులో పెట్టింది. డి బ్లాక్ రసజ్ఞ ఏడో నెల, పాజిటివ్ వచ్చింది, అందరూ ప్రే చెయ్యండి. వెనక సందు టైలర్ అంజమ్మ దగ్గర అంటుకుంది. ఎవరూ వెళ్ళకండి, ఆమెని గేటు లోపలికి రానివ్వకండి. కింద బొటనవేళ్ళు వరసగా.

కాదు అని టైప్ చేశాను. డిలీట్ చేశాను. మళ్ళీ టైప్ చేశాను. వెంకట్ టీ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. ఫోన్ బోర్లించి టీ తాగాను.

ఏప్రిల్ 29, గురువారం

అంజమ్మ దవాఖానలో ఉందట. ఆక్సిజన్ పెట్టారట. వాచ్‌మన్ వెంకట్‌తో అన్నాడు.

ఇరవయ్యో తారీఖున నేను రాసింది అబద్ధం. ఆదివారమే పోపు మాడిపోతే నాకు వాసన తెలీలేదు. సోమవారం కాఫీ పొడి, సబ్బు, ఇంగువ డబ్బా ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏమీ లేదు. నా ఉద్యోగమే తప్పులు పట్టడం, సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. నాకు తెలీకపోవడమేంటి? తెలుసు. తెలిసే వెళ్ళాను.

పాజిటివ్ అని తేలితే క్లినిక్ వాళ్ళు డెలివరీకి రావద్దంటారని భయం. అది పెద్ద కారణం, చెప్పుకోడానికి బాగుంటుంది. చిన్నది ఇంకోటుంది. నాకా మాస్కులు కావాలి. ఆ ఎన్95లో ఇంకొక్క రోజు ఉండలేననుకున్నాను. అంతే. నా ఊపిరి కోసం ఆవిడ ఎదురుగా గంటసేపు మొహం తీసిపెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడావిడకి ఊపిరాడట్లేదు.

ఎవరూ చదవని దీన్లో కూడా ఎండ అని రాసుకున్నాను. ఎవర్ని నమ్మించడానికి?

మే 7, శుక్రవారం

నెగటివ్. స్కాన్ బాగుంది, బిడ్డ బాగుంది. వెంకట్ ఎదురింటివాళ్ళకి పూతరేకులిచ్చాడు. అంజమ్మ ఇంటికొచ్చేసిందని తెలిసింది. ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. వెంకట్ అంత సంతోషంగా ఉంటే నోరు రాలేదు. ఇదీ ఒక సాకే.

మే 15, శనివారం

అంజమ్మ ఫోన్ చేసింది. గొంతు బొంగురు. లోపలి పిల్లగాడు మంచిగున్నడా, అదే మొదటి మాట. బాగున్నాడన్నాను. ఏడ్చింది. నా పాపం నీ కడుపుకు తగిలింది బిడ్డా, నన్ను మాఫ్ చెయ్యి అంది.

ఆవిడ నన్ను అడుగుతోంది!

షాపుకి ఎవరూ రావట్లేదట. అది పోనీ అంది. సదాశివపేటలో వాళ్ళమ్మాయి కాన్పయి తొమ్మిది రోజులట, ఆడపిల్ల. ఈవిడకీ నెగటివ్ వచ్చి చాలా రోజులైంది, డాక్టర్లు పోవచ్చన్నారు. అయినా పోలేదు. కడుపుతో ఉన్న పిల్లకు రోగం అంటించిన చేతులు, ఈ చేతులతోని బాలింతను ఎట్ల ముట్టుకోవాలె అంది. అమ్మా నువ్వెందుకు రావట్లేదని కూతురు రోజూ ఏడుస్తోందట. కారణం కూతురికి చెప్పలేదట. చెప్పడానికి సిగ్గయిందట.

నేనేమన్నాను? జాగ్రత్తగా ఉండండి అన్నాను. జాగ్రత్తగా ఉండండి! నా నోరు పడిపోను.

మే 16

చెప్పలేదు.

మే 18

ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తేలోపు కట్ చేశాను. పసిపిల్లకి పన్నెండో రోజు.

మే 21, శుక్రవారం

వెంకట్‌కి చెప్పేశాను. అయిపోయిందిగా, ఇప్పుడు చెప్తే ఎవరికి లాభం, బీపీ పెంచుకోకు అన్నాడు. నన్ను కాపాడుతున్నాననుకుంటున్నాడు.

తను స్నానానికి వెళ్ళినప్పుడు గ్రూపులో పెట్టేశాను. నాకు అంజమ్మ దగ్గర అంటలేదు, నేనే ఆమెకి అంటించాను, అప్పటికే నాకు లక్షణాలున్నాయి, తెలిసే వెళ్ళాను అని. పావుగంటలో హార్టులు. సో బ్రేవ్ అట. హరితైతే, ఈ టైమ్‌లో హార్మోన్స్ అలాగే ఉంటాయమ్మా, నిన్ను నువ్వు బ్లేమ్ చేసుకోకు అంది. అంజమ్మని గేటు లోపలికి రానిస్తారా అని అడిగాను. కాసేపటికి ఎవరో మంజీరా నీళ్ళు ఎన్నింటికొస్తాయని అడిగారు.

అంజమ్మ ఆ గ్రూపులోనే లేదు. ఆవిడ లేని చోట తప్పొప్పుకుని మెచ్చుకోలు తెచ్చుకున్నాను. ఇంతకుముందు కంటే ఎక్కువ సిగ్గుగా ఉంది.

మే 22, శనివారం, ఉదయం 9.40

లాక్‌డౌన్ సడలింపు పది దాకానే. ఏడింటికే నడిచి వెళ్ళాను. గుమ్మం బయట దూరంగా నిలబడి, మాస్కు తియ్యకుండా, వాసన పోయిన రోజు నుంచి మొత్తం చెప్పాను.

నావల్ల గాదా, పక్కానా అని మూడుసార్లు అడిగింది. పక్కా అన్నాను మూడుసార్లూ.

తిట్టలేదు. ఎదురుచూశాను, తిట్టలేదు. పది లోపు సదాశివపేట బస్సు దొరకాలని నాలుగు చీరలు సంచిలో కుక్కుకుంది. షట్టర్ దించి, నావైపు తిరిగి, రెండు చేతులెత్తి నాకు దండం పెట్టింది.