ఆరేయకూడని రోజులు

డిసెంబర్ 26, శుక్రవారం

ఈషాకి నిన్నటి నుంచి వాంతులు. నాలుగేళ్ల పిల్ల, పాపం వాడిపోయింది. దుప్పట్లు, దిండు గలీబులు అన్నీ ఉతికి పైన అటక గదిలో ఆరేశాను. జర్మనీలో మాగ్డెబర్గ్‌లోని ఈ పాత బిల్డింగ్‌లో అందరూ బట్టలారేసుకునేది అక్కడే. దిగి వస్తుంటే కింది ఫ్లాట్ ముసలావిడ ఫ్రావ్ హార్ట్‌విగ్ మెట్ల మీద ఆపింది. ఎనభై దాటిన మనిషి. మేమొచ్చి మూడేళ్లయినా హలో తప్ప మాట్లాడింది లేదు. ఆ బట్టలు తీసేయమంది. హాలిడే నాడు మెషిన్ చప్పుడు గురించేమో అనుకుని సారీ చెప్పాను. చప్పుడు గురించి కాదట. జనవరి ఆరు దాటేదాకా ఆరేయకూడదట. ఎందుకని అడిగితే చెప్పలేదు.

హౌస్ రూల్స్ తీసి చదివాను. అలాంటిదేమీ లేదు.

డిసెంబర్ 27

దుప్పట్లు మా గుమ్మం ముందు బుట్టలో ఉన్నాయి. ఇంకా తడి ఆరలేదు. చక్కగా మడతలు పెట్టి మరీ ఉన్నాయి. మిగతా ఫ్లాట్లవాళ్లు క్రిస్మస్‌కి ఊళ్లు వెళ్లారు. ఇంకెవరు చేస్తారు?

మా ఆయన శశికాంత్ ఇయర్ ఎండ్ క్లోజింగ్ అని ఫ్రాంక్‌ఫర్ట్‌లో బ్యాంకు పనిలో ఇరుక్కుపోయాడు. ఫోన్లో చెబితే, ఆ ముసలామెతో ఎందుకు పెట్టుకుంటవ్, డ్రయర్ కొందాం తియ్ అన్నాడు. విషయం డ్రయర్ కాదు. మన బట్టలు వాళ్ల బట్టల పక్కన ఉండకూడదనా? వాసన వస్తామనా? ఏదో ఉంది.

డిసెంబర్ 28

పూజితకి ఫోన్ చేసి అడిగాను. ఆఫీసులో నా పక్క సీటు. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంది. పడీ పడీ నవ్వింది. క్రిస్మస్‌కీ జనవరి ఆరుకీ మధ్య గాలిలో ఏవో ఆత్మలు గుర్రాల మీద తిరుగుతాయట. ఆరేసిన తెల్లబట్టల్లో చిక్కుకుంటాయట. ఆ బట్టే ఆ ఇంట్లో ఒకరికి కఫన్, అంటే శవం మీద కప్పే గుడ్డ, అవుతుందట. ఇప్పుడు ఎవరూ నమ్మరు, కానీ చాలామంది ఉతకరు అంది.

నాకు నవ్వు రాలేదు. జహీరాబాద్ దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో చిన్నమ్మమ్మకి ముందు పళ్లు ఉండేవి కావు. వయసు వల్ల అనుకునేదాన్ని. పక్కింటి బర్రె చస్తే బాణామతి చేసిందని నలుగురు పట్టుకుని రాయితో ఊడగొట్టారని నాన్న తర్వాత చెప్పాడు. ఆయన హేతువాద సంఘంలో చేరింది అందుకే. నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఊరూరా తిరిగి, నిమ్మకాయలోంచి రక్తం ఎలా వస్తుందో చేసి చూపించేవాడు. పళ్లు ఊడగొట్టిన నలుగురూ అంతకుముందు రోజు దాకా చిన్నమ్మమ్మతో మామూలుగానే మాట్లాడారట. ముందు ఫలానా పని చేయకు అంటారు. తర్వాత ఏదైనా జరిగితే, చేసిందిగా అంటారు.

ఈ బిల్డింగ్‌లో అందరూ ముసలివాళ్లే. ఎవరికి ఏమైనా ఫ్రావ్ హార్ట్‌విగ్‌కి నా దుప్పటి గుర్తుంటుంది.

డిసెంబర్ 29

మెట్లన్నీ సాంబ్రాణి పొగ. మా గుమ్మం మీద బూడిద.

డిసెంబర్ 30

ఇక చాలు. ఇంట్లో ఉన్న తెల్లబట్టలన్నీ, ఉతికినవి కూడా, మళ్లీ తడిపి పైన ఆరేశాను. శశికాంత్ లుంగీతో సహా. అటకకి తాళం వేసి చెవి నా దగ్గరే పెట్టుకున్నాను.

వాంతులు తగ్గాయనుకుంటే మధ్యాహ్నం నుంచి ఈషాకి జ్వరం. ముప్పై తొమ్మిది దాటింది. చెవి పట్టుకుని ఏడుస్తోంది. ఎమర్జెన్సీ క్లినిక్‌లో డాక్టరు చెవి ఇన్ఫెక్షన్ అంది. మందు రాసిచ్చింది. మామూలే, పిల్లలకి వస్తుంటుంది అంది. నేనూ అదే అనుకున్నాను.

డిసెంబర్ 31

పొద్దున్నే పైకి వెళ్లి బట్టలన్నీ తీసేశాను. ఎవరికీ చెప్పలేదు.

జనవరి 1, గురువారం

జ్వరం తగ్గింది. ఈషా లేచి కార్టూన్ పెట్టమని గొడవ. పెట్టేసి కిందికి వెళ్లాను, బూడిద సంగతి తేల్చుకుందామని. నా మీద నాకున్న కోపం కూడా కొంత పట్టుకెళ్లాను.

ఫ్రావ్ హార్ట్‌విగ్ తలుపు తీయగానే పాపకెలా ఉందని అడిగింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం కిటికీలోంచి చూసిందట. బూడిద ఏమిటని అడిగాను. ఏడాది మారే ముందు ఇల్లంతా సాంబ్రాణి వేయడం అలవాటట. పాప వాంతుల చప్పుడు విని మా గుమ్మం దాకా తెచ్చిందట. చేతులు వణుకుతాయి కదా, ఒలికింది అంది. చేతులు చూపించింది.

దుప్పట్లు తీసింది మీరేనా అన్నాను. తనే అంది. దాచలేదు.

కూర్చోమంది. చెప్పింది. తనకి ఇరవై రెండేళ్లప్పుడు నాలుగు నెలల కొడుకు. పేరు యెన్స్. ఇవే రోజుల్లో వాడి గుడ్డలు పెరట్లో తాడు మీద ఆరేసింది. అత్తగారు వద్దంది. గుడ్డలు అయిపోయాయి, ఏం చేయను అని ఆరేసింది. వారానికి నిమోనియాతో పోయాడు. పూడ్చి ఇంటికొచ్చాక, అందరూ కాఫీ తాగుతుంటే, అత్తగారు కిటికీ దగ్గర నిలబడి ఆ తాడు వైపు చూపించిందట. బతికినంతకాలం ఏటా ఈ రోజుల్లో చూపించేదట. మొగుడు ఎప్పుడూ అవునని అనలేదట. కాదనీ అనలేదట.

“మీరు నమ్ముతారా దీన్ని?” అని అడిగాను.

“నమ్మను,” అంది. “కానీ నేను ఆరేశాను కదా.”

నేనేదో వాదించడానికి వెళ్లినదాన్ని. చిన్నమ్మమ్మ నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఫ్రావ్ హార్ట్‌విగ్ మాట్లాడుతున్నంతసేపూ నాకు అదే కనిపించింది.

జనవరి 2

ఆవిడే వచ్చి తలుపు కొట్టింది. చేతిలో తడి దుప్పటి. ఒక్కదాన్నే వేయలేను, రా అంది. యెన్స్ పోయినప్పటి నుంచి ఈ రోజుల్లో ఏనాడూ బట్టలు ఆరేయలేదట. నీ వాటాకి ఏమీ రాకూడదు, ఇది నాది, నా పేరు మీదే ఆరేస్తాను అంది.

ఎవరి పేరుదైనా ఇల్లు ఒకటే కదా, ఆ నమ్మకం లెక్క ప్రకారం. ఈషా లోపల నిద్రపోతోంది. వెళ్లి నుదురు తాకి చూశాను. తర్వాత మా దుప్పటి కూడా తడుపుకుని వెళ్లాను. చెరో కొస పట్టుకుని తాడు మీద వేశాం. ఆవిడ క్లిప్పు పెట్టలేకపోతే నేను పెట్టాను.

ఒక్కసారి చేసింది రుజువు కాదు అంటాడు నాన్న. ఆ మాట ఆవిడతో అనలేదు.

జనవరి 4

ఈషా దగ్గినప్పుడల్లా లెక్కపెడుతున్నాను. శశికాంత్ ట్రైన్ మంచులో ఆగిపోయింది. తను ఫోన్ ఎత్తలేదు. రాత్రికి ఇంటికొచ్చి నా మొహం చూసి ఏమైందే అన్నాడు. ఏం లేదన్నాను.

జనవరి 5

ఫ్రావ్ హార్ట్‌విగ్ రెండుసార్లు పైకొచ్చింది. ఒకసారి ఉప్పుకని, ఒకసారి ఏమీ లేకుండానే. ఈషాని తేరిపార చూసి వెళ్లిపోయింది.

జనవరి 7

ఆరో తేదీ దాటింది. అందరం ఉన్నాం.

పొద్దున ఆవిడ వచ్చింది. సంతోషంగా ఉంటుందనుకున్నాను. లేదు. గుమ్మం బయటే ఆగింది.

“అంటే అప్పుడు కూడా నేను యెన్స్ గుడ్డలు ఉతికానంతే,” అంది.

లోపలికి రమ్మన్నాను. రాలేదు. ఆ మాటే మళ్లీ అంది.